దజీజ్ ఇసుకలో బఠాణీ నాట్లు

బఠాణీకి నారు పోయడమేమిటని ఎవరైనా ముందు నవ్వుతారు. పప్పుజాతి గింజ ఏదైనా మన దగ్గర నేరుగా నేలలో పడాల్సిందే. కంది సాల్లో పడుతుంది. పెసర చల్లుతారు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో మినుమైతే వరి కోతకు రెండు మూడు రోజుల ముందే, పైరు ఇంకా నిలబడి ఉండగానే, ఆ పదునులో చల్లేస్తారు. నారు పోసి, పెంచి, తీసి, మళ్లీ నాటే మర్యాదంతా వరికీ, వంగకీ, మిరపకీ, టమాటాకీ. బఠాణీ విత్తనాల పొట్లం తిప్పి చూసినా అదే మాట కనిపిస్తుంది: నేరుగా విత్తుకోవాలి, వేరు కదిపితే ఓర్వదు.

ఆ మాట అబద్ధమేమీ కాదు. అయినా దజీజ్‌లో ఒక ఆఫీసు భవనం వెనక, నీళ్ల ట్యాంకులకీ ప్రహరీ గోడకీ మధ్య ఉన్న ఇసుక పట్టీలో ఆ భవనం హారిస్ ఏటా బఠాణీ నారు నాటుతారు, ఏటా కాయ కోస్తారు. నాటిన సాయంత్రం ఎలా నిలబెట్టారో మర్నాడు పొద్దున అలాగే నిలబడి ఉంటుంది మొక్క. తల వాల్చిన మొక్క ఒకటీ అరా తప్ప కనబడదు. కువైట్‌లో హారిస్ అంటే కాపలాదారు మాత్రమే కాదు. మెట్లు కడగడం, చెత్త దించడం, లిఫ్టు ఆగిపోతే మనిషిని పిలవడం, పార్కింగు తగాదాలు తీర్చడం అన్నీ ఆయన పనులే. ఈ పనులన్నిటి సందుల్లో దొరికే అరగంటల్లోనే ఈ సేద్యం.

దజీజ్ పేరు చెబితే తోటలు గుర్తుకు రావు. ఫర్వానియా గవర్నరేట్‌లో, విమానాశ్రయానికి దగ్గర్లో ఉన్న పేట ఇది. గోదాములు, షోరూములు, సర్కారు దఫ్తర్లు, ఆఫీసులు, వాటి చుట్టూ ఎండలో మాడే కార్లు. కూరగాయలు పండే చోటు చూపించమంటే జనం దక్షిణాన వఫ్రా వైపో, ఉత్తరాన ఇరాక్ సరిహద్దు దగ్గరి అబ్దలీ వైపో చెయ్యి చూపిస్తారు. అక్కడ గ్రీన్‌హౌసులున్నాయి, డ్రిప్పు గొట్టాలున్నాయి, బోర్లున్నాయి. ఇక్కడున్నది ఇసుక. కాస్త తవ్వితే కొన్నిచోట్ల గచ్ అని పిలిచే గట్టి సున్నపు పొర తగులుతుంది. ఇసుకలో నీళ్లు నిలవవు, ఆ పొరలోకి వేరు దిగదు. ఏడాదంతా కురిసే వాన అంతా కలిపితే 110, 120 మిల్లీమీటర్లు. మన కోనసీమలో ఒక్క వాయుగుండం రెండు రోజుల్లో అంత కురిపించి పోతుంది.

హారిస్‌ది కడియం వైపు ఊరు. ఆ పేరు వినగానే తెలుగువాళ్లకి వివరం అక్కర్లేదు. కడియం, కడియపులంక నర్సరీల్లో పుట్టి పెరిగిన చెయ్యి అది. మొక్కను మట్టిగడ్డతో సహా లేపడం, సంచి మార్చడం, లారీలో వెయ్యి కిలోమీటర్లు వెళ్లినా వేరు కదలకుండా కట్టడం అక్కడ పిల్లలకి కూడా వచ్చిన విద్య. బఠాణీని మాత్రం ఆయన కువైట్ వచ్చేదాకా పెంచలేదు. కోస్తాలో దాన్ని పెంచేవాళ్లు తక్కువ. మనకి పచ్చి బఠాణీ అంటే చలికాలంలో ఉత్తరాది నుంచి బస్తాల్లో దిగే సరుకే. అంటే ఆయన ఈ పంటకి తెచ్చుకున్నది బఠాణీ జ్ఞానం కాదు, నర్సరీ జ్ఞానం. ఈ పనితనంలో నాకు నచ్చిన విశేషాలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

ఇంత శ్రమ ఎందుకంటే, కాలం తక్కువ. 2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో నమోదైన వేడిని ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి 53.9 డిగ్రీలని ఖాయం చేసింది. అలాంటి ఎండ తిన్న నేల అక్టోబరు వచ్చినా చల్లారదు. ఆ నెలలో పగటి వేడి ఇంకా 35 డిగ్రీల చుట్టూనే ఉంటుంది. నవంబరులో తగ్గుతుంది. జనవరిలో పగలు 19, రాత్రి 8 డిగ్రీల దాకా దిగుతుంది. మార్చి చివరికల్లా మళ్లీ 30. బఠాణీ చలి పంట. వేడి 30 డిగ్రీలకి చేరితే పూత రాలిపోతుంది, నిలిచిన పిందెలో గింజ సరిగా ఊరదు. కాబట్టి పూతా పిందే అంతా డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి లోపలే జరిగిపోవాలి. మార్చి చివర్లో మొదలయ్యే సరాయాత్ గాలివానల దాకా లాగితే పందిరి మిగలదు. నేల చల్లబడేదాకా ఆగి గింజ వేస్తే ఆలస్యం. వేడి నేలలో ముందే వేస్తే గింజ కుళ్లుతుంది. కుళ్లకుండా మిగిలినదాన్ని పిచ్చుకలూ ఎలకలూ చూసుకుంటాయి. అదీకాక ఉప్పు తగిలిన నేలలో ఏ గింజకైనా మొలకెత్తే రోజులే గండం. మొదటి మూడు వారాలు మొక్కను లోపల, నీడలో, మంచి మట్టిలో గడపనిస్తే ఈ చిక్కులన్నీ ఒకేసారి తప్పుతాయి.

ముహూర్తం ఆయన కార్తెలతోనే లెక్కపెడతారు. స్వాతి కార్తెలో గింజ నానాలి, విశాఖ కార్తెలో మొక్క నేలలో ఉండాలి. చిత్రమేమిటంటే గల్ఫ్ రైతులూ నక్షత్రాలతోనే లెక్కపెడతారు. ఆగస్టు చివర్లో సుహైల్ చుక్క పొడిస్తే వేడి విరుగుతుందంటారు. అక్టోబరు మధ్యలో వస్మ్ మొదలవుతుంది. పదమూడేసి రోజుల నాలుగు నక్షత్రాలు, మొత్తం 52 రోజులు. అందులో రెండోదైన సిమాక్, మన చిత్త, ఒకే చుక్క. డిసెంబరులో మురబ్బానియా చలి. కువైట్‌లో చాలా ఇళ్లలో ఈ లెక్కలకి సాలెహ్ అల్ ఉజైరీ క్యాలెండర్ చూస్తారు. 1920లో పుట్టి, నూరేళ్లు దాటి బతికి, 2022లో పోయిన ఆ ఖగోళవేత్త పేరు అక్కడ ఇంటింటి మాట. హారిస్ గదిలో ఆ క్యాలెండర్ పక్కనే మన పంచాంగం వేలాడుతుంది. రెండూ నవంబరు మొదటి వారాల్నే చూపిస్తాయి.

ఇక పని. గింజను ఒక రాత్రి నానబెడతారు, అంతకు మించి కాదు. పొద్దుటికి ఉబ్బి, ముడతలు పోయి నున్నగా అయినవాటినే తీసుకుంటారు. నారు పోయడానికి ఆయన వాడేది టాయిలెట్ కాగితం చుట్టల్లో మిగిలే అట్ట గొట్టాలు. అంతస్తుకి నాలుగు బాత్రూములున్న భవనంలో వాటికి కొరతేం ఉంటుంది. గొట్టం ఒక అంచున నాలుగు గాట్లు పెట్టి లోపలికి మడిస్తే అడుగు. అందులో అర్రాయ్ నర్సరీల నుంచి తెచ్చిన పీట్ మట్టీ, చివికిన పశువుల ఎరువూ, మూడో వంతు ఇసుకా. ఇసుక ఎందుకు, తేలిక మట్టి ఒక్కటే ఉంటే మొక్క ఇంకా బాగా పెరుగుతుంది కదా అని అడిగాను. "రేపు వెళ్లాల్సిన చోట ఇసుకే కదండీ. వేరుకి ఇప్పుడే అలవాటవ్వాలి" అన్నారు. మట్టి నుంచి మట్టికి మారేటప్పుడు మరీ తేడా ఉంటే కొత్త నేలలోకి వేరు తొందరగా దిగదు, పాత గడ్డలోనే చుట్టుకుంటుంది. నర్సరీవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. గొట్టాలన్నీ నిలువుగా ఒక ప్లాస్టిక్ ట్రేలో సర్దుతారు. వాటికి పోసే నీళ్లు ఏసీ గొట్టాల నుంచి కారినవి. ఎండాకాలమంతా క్యాన్లలో పట్టి దాచినవి. అందులో ఉప్పు ఉండదు. తోటలకని కువైట్‌లో వేరే గొట్టాల్లో వచ్చే ఉప్పదనం ఉన్న భూగర్భజలాన్ని బఠాణీ దగ్గరికి రానివ్వరు. పంటల్లో ఉప్పుకి తొందరగా లొంగిపోయే జాతి చిక్కుడు, బఠాణీలది.

అట్ట గొట్టమే ఎందుకంటే, అది వేరుకి నిటారుగా దిగే దారి ఇస్తుంది. వరినారుతో పోల్చి చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. వరినారును గుంజి పీకుతాం, వేళ్లకున్న మట్టి దులుపుతాం, కట్టలు కట్టి విసురుతాం, మరీ ఎదిగితే కొసలు తుంచుతాం. ఇంత చేసినా వారానికల్లా మూన తిరుగుతుంది. వరికి తల్లివేరు లేదు, మొదలు దగ్గర కొత్త పీచువేళ్లు వేసుకుంటుంది. వంగా మిరపా కూడా వేరు కొంచెం తెగినా కోలుకుంటాయి. వాటికి నెలల తరబడి ఆయుష్షుంది. బఠాణీకి మొలక పైకి రాకముందే తల్లివేరు కిందికి దిగుతుంది. దాని కొస తెగితే మొక్క చావదు, పక్కవేళ్లు వేస్తుంది. కానీ అలా సర్దుకోవడానికి పది, పన్నెండు రోజులు పోతే, రెండు నెలల్లో కాయ ఇవ్వాల్సిన మొక్కకి మిగిలేదేమిటి? పొట్లం మీది హెచ్చరికలో నిజం ఇంతవరకే. వేరు తెగకుండా మార్చగలిగితే మార్చవచ్చు. బీదర్, కలబురగి వైపు రైతులు కందినే పాలిథిన్ సంచుల్లో నారు పోసి, నెల వయసులో పొలంలో నాటుతున్నారు. ఆ మొక్కలు విశాలంగా కొమ్మలేసి బాగా కాస్తాయి. ఇంగ్లండ్‌లో పెరటి తోటలవాళ్లు వానకాలువ గొట్టం ముక్కల్లో బఠాణీ వరసగా మొలిపించి, ఆ వరసను వరసగానే నేలలోని గాడిలోకి జార్చేస్తారు. అందరి ఎత్తూ ఒకటే, తల్లివేరును ముట్టుకోకుండా మొక్కను చేరవేయడం.

నారు ఎప్పుడు తయారైందో ఆయన ఆకులు లెక్కపెట్టి చెప్పరు. గొట్టం ఎత్తి అడుగు చూస్తారు. మడతల సందులోంచి తెల్లటి వేరు కొస బియ్యపు గింజంత బయటికి కనిపిస్తే ఆ మొక్కకి వేళయినట్టు. ఒకే ట్రేలో కొన్నిటికి ఈ రోజు వేళ, కొన్నిటికి నాలుగు రోజుల తర్వాత. అందుకే ఆయన నాట్లు ఒక్కరోజులో అయిపోవు. నాలుగైదు రోజుల ముందు నుంచే ట్రేని రోజూ కాసేపు బయట గాలిలో పెట్టి, లోపలికి తెస్తూ నారును గట్టిపరుస్తారు. ఈలోగా గాలికి కాండం కొంచెం ముదురుతుంది.

నాటేది అసర్ నమాజు తర్వాత. నవంబరు మధ్యలో అక్కడ ఐదు గంటల లోపే పొద్దుగూకుతుంది, కాబట్టి రెండు గంటల వెలుతురే చేతిలో ఉంటుంది. ముందురోజు రాత్రే పట్టీని తడిపి ఉంచుతారు. పొడి ఇసుకలో గుంట నిలవదు, అంచులు జారి పూడిపోతుంది. తడి ఇసుక నిలుస్తుంది. గుంట తీసే పనిముట్టు చూడాల్సిన వస్తువు. అట్ట గొట్టం కంటే ఒక నూలు వెడల్పున్న పీవీసీ పైపు ముక్క. జానెడు పొడవు, ఒక అంచు ఆకురాయితో వాడి చేసి, లోతుకి గుర్తుగా చుట్టూ నల్ల టేపు. దాన్ని టేపు దాకా ఇసుకలోకి తిప్పుతూ దించి, పైన అరచేతితో మూసి లేపితే లోపలి ఇసుక దిమ్మ దానితోపాటే వచ్చేస్తుంది. మొనదేలిన పుల్లతో గుచ్చితే సరిపోదా అనిపించింది నాకు. మొన గుచ్చిన గుంట కింద సన్నగా ఉంటుంది, గొట్టం సగంలో ఆగి వేలాడుతుంది, అడుగున గాలి మిగులుతుంది. ఆ ఖాళీలోకి దిగిన వేరు ఎండిపోతుంది. పైపుతో తీసిన గుంటకి అడుగు చదునుగా ఉంటుంది, వేరు కొస తడి ఇసుక మీదే కూర్చుంటుంది.

గుంటలో ముందు నీళ్లు పోస్తారు, మొక్క పెట్టాక కాదు. ఆ నీళ్లు ఇంకేలోపు గొట్టాన్ని చేతిలోకి తీసుకుని, అడుగు మడతలు విప్పి, రెండు పక్కలా బొటనవేలి గోటితో నిలువునా చీల్చుతారు. అట్ట తీసెయ్యరు, చీలిక మాత్రమే. పక్కవేళ్లు ఆ సందుల్లోంచి పోతాయి, మిగతా అట్ట నెలలో చివికిపోతుంది. తర్వాత గొట్టం పై అంచును చుట్టూ చింపేస్తారు. ఇది నేను కొన్ని పుస్తకాల్లో చదివాను గానీ చేసేవాళ్లని చూడలేదు. అట్ట అంచు ఇసుక మీదికి తేలి ఉంటే అది కింది తడిని పీల్చి గాలికి ఆరబెడుతూ ఉంటుంది. ఈ ఎండు దేశంలో ఒక్క పగటిలోనే వేరుమట్టి అంతా ఎండిపోవచ్చు. ఇంత సేపూ ఆయన వేళ్లు గొట్టాన్నే పట్టుకుంటాయి, కాండాన్ని తాకవు. "పసిపిల్లని ఎత్తుకునేటప్పుడు మెడ పట్టుకుంటామా అండీ?" అన్నారు. ఆకు నలిగితే మరో ఆకు వస్తుంది. కాండం నలిగితే ఆ మొక్క పని అయిపోయినట్టే.

మొక్కను గొట్టంలో ఉన్నదానికంటే ఒక వేలు లోతుగా దించుతారు. టమాటాకి అలా చేస్తాం, బఠాణీకి చెయ్యవచ్చా అని అనుమానం రావచ్చు. బఠాణీ పప్పుబద్దలు నేలలోనే ఉండిపోతాయి, చిక్కుడులా పైకి రావు. కింది రెండు కణుపుల దగ్గర పేరుకి చిన్న పొలుసుల్లాంటి ఆకులుంటాయి. పైన ఏ పక్షో తల తుంచుకుపోయినా ఆ కణుపుల నుంచి కొత్త కొమ్మ లేస్తుంది. ఆ కణుపులు ఇసుక కింద ఉంటే మొక్కకి అది పూచీ. పైగా వాయవ్యం నుంచి కొట్టే షమాల్ గాలికి కాండం ఊగిపోదు. ఆఖరున చుట్టూ ఇసుకను రెండు చేతుల వేళ్లతో అదుముతారు. బరువంతా వేసి నొక్కడం కాదు, గాలి పోయేంత. ఆకు కొస పట్టి కొంచెం పైకి లాగి చూస్తారు. మొక్క లేవకూడదు. ఒక మొక్కకి ఇదంతా కలిపి నిమిషం పట్టదు.

ఎడం సంగతి ఇప్పటిదాకా ఆపాను. ఈ తోటలో నన్ను ఎక్కువగా కట్టిపడేసింది అదే. టేపు లేదు, తాడుకి ముడుల్లేవు, కొలత అంతా చేతిలోనే. మొక్కకీ మొక్కకీ మధ్య బెత్తెడు, అంటే నాలుగు వేళ్లు. సాలుకీ సాలుకీ మధ్య జానెడు. ఇలాంటి రెండు సాళ్లు ఒక జత. జతకీ జతకీ మధ్య మూరన్నర. సెంటీమీటర్లలోకి మారిస్తే వరసగా 7, 22, 68 చుట్టూ వస్తాయి. తోటపని పుస్తకాలు బఠాణీకి చెప్పే దూరాలకి ఇవి దగ్గరగానే ఉన్నాయి, కాబట్టి ఇందులో వింతేముందని అనిపించవచ్చు. పుస్తకం దూరం చెబుతుంది, కారణం అన్నిటికీ ఒకటే చెబుతుంది: మొక్కకి చోటు కావాలి. ఆయన దూరాలు మూడింటికీ మూడు వేర్వేరు కొలబద్దలున్నాయి.

బెత్తెడు నులితీగ కొలత. బఠాణీ ఆకు చివర ఉండే ఆ సన్నటి తీగ ఆకు రూపం మార్చుకున్నదే. అది గాలిలో తిరుగుతూ తగిలినదాన్ని చుట్టుకుంటుంది. పక్క మొక్క బెత్తెడు దూరంలో ఉంటే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అంతకంటే ఎడం పెడితే పందిరి పుల్ల అందేలోపు వాలిపోతాయి. మరీ దగ్గరైతే కింది ఆకులు పసుపెక్కుతాయి.

జానెడు నీటి కొలత. బంకనేలలో కాలువలో పోసిన నీళ్లు పక్కలకి బాగా పాకుతాయి. ఇసుకలో నిట్టనిలువునా దిగిపోతాయి, పక్కకి పాకేది కొంచెమే. ఆయన రెండు సాళ్ల నడుమ వేలి లోతున ఒక బోదె తీసి నీళ్లు అందులోనే పోస్తారు. అటు నాలుగైదు అంగుళాలు, ఇటు నాలుగైదు అంగుళాలు తడుస్తుంది. మొక్కలు సరిగ్గా ఆ తడి లోపలి అంచున నిలబడతాయి. ఇందులో ఇంకో లాభం ఉంది. తడి ఎటు పాకితే కరిగిన ఉప్పు అటే పోయి, నీరు ఆరిన చోట పేరుకుంటుంది. జనవరిలో ఆ పట్టీని వంగి చూస్తే సాళ్ల బయటి వైపున ఇసుక మీద తెల్లటి గీత కనిపిస్తుంది. ఉప్పు మొక్కని దాటి బయట ఆగిపోయింది. సాళ్ల మధ్య మూరెడు పెట్టి ఒక్కో సాలుకి విడిగా రెండు పక్కలా నీళ్లు పోసి ఉంటే ఆ తెల్లగీత సరిగ్గా మొక్క మొదట్లోనే పడేది.

మూరన్నర మనిషి కొలత. హారిస్ గొంతుక్కూచుని రెండు పక్కలకీ చెయ్యి చాచి కాయ కోయాలి. గాలీ ఆడాలి. ఇంతకు మించి దానికి వివరణ లేదు.

కొలత ఖాయమైనా ఏ మొక్క ఏ చోటికి పోవాలో మళ్లీ వేరే లెక్క. నాటే ముందు ట్రేలోని మొక్కల్ని మూడు రకాలుగా ఏరి పెడతారు. పొట్టిగా, వెనకబడి ఉన్నవి సాలు దక్షిణపు కొసకి పోతాయి. కువైట్‌లో డిసెంబరు ఎండ దక్షిణం నుంచి వాలుగా పడుతుంది, మిట్టమధ్యాహ్నం కూడా నెత్తి మీదికి రాదు. పొడుగువాటిని దక్షిణాన పెడితే వాటి నీడ వెనకవాటి మీద పడుతుంది. సాళ్లు ఉత్తర దక్షిణాలుగా తీయడం వల్ల ఒక పక్కకి పొద్దుటి ఎండ, రెండో పక్కకి సాయంత్రపు ఎండ. రెండో సాలులోని మొక్కలు మొదటి సాలు మొక్కలకి ఎదురుగా కాక, వాటి సందులకి ఎదురుగా వస్తాయి. మరీ బక్కచిక్కినవి ఉంటే రెండింటిని ఒకే గుంటలో పెడతారు. ఇది నాకు అంతగా నచ్చని ఏర్పాటు, ఒకదాన్ని పారేస్తే పోయేది. నర్సరీ మనిషికి మొక్కని పారెయ్యడం చేతకాదని సరిపెట్టుకున్నాను.

పందిరికి ఖర్జూర మట్టలు. కువైట్‌లో వీధి చెట్లకి మట్టలు నరికినప్పుడల్లా అవి దండిగా దొరుకుతాయి. మట్ట ఈనెను నిలువునా చీల్చి పెన్సిలు కంటే సన్నగా చేస్తారు. లావు కర్రను నులితీగ చుట్టుకోలేదు, జారిపోతుంది. చాలామంది పందిళ్లు ఓడిపోయేది ఇక్కడే. గుంజ గట్టిగా ఉంటే చాలనుకుంటారు, పట్టుకోవాల్సిన తీగ వేలిగోరంత సన్నదని మరిచిపోతారు. ఈనెలు నాటే రోజే పాతేస్తారు, మొక్క ఎదిగాక కాదు. అప్పుడు పాతితే వేరు తెగుతుంది. 1856 నుంచి 1863 దాకా బ్రనో మఠం తోటలో దాదాపు 28 వేల బఠాణీ మొక్కలు పెంచిన గ్రెగర్ మెండెల్ కూడా తన వ్యాసంలో, మొక్కల్ని పుల్లలతో, చెట్టు కొమ్మలతో, సాగదీసి కట్టిన దారాలతో నిలబెట్టానని రాసుకున్నారు. జన్యుశాస్త్రం అంతా ఆ పుల్లలూ దారాల మీదే పాకింది. ఆయన తోట పట్టీ పొడవు 35 మీటర్లు, వెడల్పు 7. హారిస్‌ది అందులో మూలకి సరిపోతుంది.

మరో సంగతి ఇసుక కింద ఉంది, పైకి కనబడదు. బఠాణీ వేరు మీద బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిచ్చే సూక్ష్మజీవి ఒకటుంది, రైజోబియం. పప్పుజాతి పంట ఎరుగని ఇసుకలో అది ఉంటుందన్న భరోసా లేదు. పైగా ఏ రైజోబియం అయినా ఏ పంటకైనా పనికిరాదు. పశువులకి వేసే జెత్, అంటే అల్ఫాల్ఫా చేను మట్టి తెచ్చి చల్లితే బఠాణీకి ప్రయోజనం ఉండదు. బఠాణీకీ, మసూరుకీ, బాకలా చిక్కుడుకీ ఉమ్మడి జాతి ఒకటుంది. ఆ చిక్కుడునే కువైటీలు చలికాలంలో ఉడకబెట్టి బాజిల్లా అని ఇష్టంగా తింటారు. హారిస్‌కి ఈ శాస్త్రం తెలీదు. వఫ్రాలో పొలం పని చేసే స్నేహితుడి దగ్గర ఆ బాజిల్లా పెరిగిన మడిలోంచి సంచీడు మట్టి తెప్పించుకుని ప్రతి గుంటలో చిటికెడు వేస్తారు. ఎందుకంటే "గింజ చూస్తే చుట్టాల్లా ఉన్నాయి కదండీ" అన్నారు. పీకి చూసిన మొక్క వేరుకి బుడిపెలున్నాయి, గోటితో నొక్కితే లోపల గులాబి రంగు. బుడిపె పని చేస్తోందనడానికి ఆ రంగే గుర్తు. పచ్చగానో, మట్టి రంగులోనో ఉంటే లాభం లేదు.

మెచ్చుకోలు మధ్యలో ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఫిబ్రవరి చివరికి ఈ తోటకి బూడిద తెగులు వస్తుంది. పగలు పొడి గాలి, రాత్రి చలి, తెల్లవారుజామున మంచు. ఆ తెగులుకి ఇంతకంటే అనువైన వాతావరణం అక్కర్లేదు. కింది ఆకుల మీద తెల్లపొడి మొదలై పైకెక్కుతుంది. బెత్తెడు ఎడంలో ఆకులు కలిసిపోయి గాలి దూరకపోవడం దానికి తోడు. ఇంకో వేలు ఎడం పెడితే తెగులు రెండు వారాలు ఆలస్యమవుతుందని నా నమ్మకం. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్కా అజిత్ ఈ తెగులును తట్టుకునే రకం. ఇంటికి వెళ్లినప్పుడు ఆ విత్తనం తెచ్చుకోమని చెప్పాను. ఆయన నా మాట కొట్టిపారెయ్యలేదు, ఒప్పుకోనూ లేదు. "రెండు వారాలు ఎక్కువ బతికి అదేం చేస్తుందండీ, అప్పటికి ఎండ వచ్చేస్తుంది కదా" అన్నారు. లెక్క చూస్తే ఆయన మాటలోనూ బలం ఉంది. తెగులు ముదిరేటప్పటికి పై కాయలు కోతకి వచ్చేసి ఉంటాయి. ఎక్కువ రోజులు కాసే మొక్క కంటే, చలి ఉన్న రోజుల్లోనే ఒక్కసారిగా కాసేసే మొక్కలు ఎక్కువ ఉండటమే ఆయనకి కావాలి. ఇసుక మీద నీడ పరిచి తడిని కాపాడేది కూడా ఆ ఒత్తే. అయినా ఒక జతలో ఒక సాలుని ఐదు వేళ్ల ఎడంతో నాటి చూస్తానని మాటిచ్చారు. ఆ ఐదు వేళ్ల కొలతకి మాత్రం పేరు లేదని నవ్వుకున్నాం.

కాయ కోసేటప్పుడు రెండు చేతులూ వాడతారు. ఎడమచేత్తో తీగను పట్టి, కుడిచేత్తో కాయను తుంచుతారు. ఒంటిచేత్తో లాగితే మొక్క వేళ్లతో సహా ఊడుతుంది. కాయను వెలుతురుకెత్తి గింజలు ఒకదాన్నొకటి తాకబోతున్నట్టు ఉంటే కోస్తారు, తాకి ఒత్తుకుంటే ఆ కాయ ఆలస్యమైనట్టు. కోసినవన్నీ అదే సాయంత్రం భవనంలోని మూడు నాలుగు గదులకి పంచుతారు. కోసిన గంటల్లోనే గింజలోని తీపి పిండిగా మారడం మొదలవుతుంది, కాబట్టి దాచడంలో అర్థం లేదు. హైపర్‌మార్కెట్లో కొద్ది ఫిల్సులకే గడ్డకట్టిన బఠాణీ దొరుకుతుందని ఎవరో గుర్తుచేస్తే, "అది వండుకోవడానికండీ, ఇది తినడానికి" అని పచ్చిగింజ నోట్లో వేసుకున్నారు.

పంట అయిపోయాక మొక్కల్ని పీకరు. నేలమట్టానికి కోసేస్తారు. బుడిపెలతో సహా వేళ్లన్నీ ఇసుకలోనే చివికిపోవాలి. బూడిద పట్టిన తీగలు మాత్రం సంచిలో కట్టి చెత్తకి పోతాయి, ఎరువు కుప్పకి పోవు. ఏప్రిల్ మొదట్లో ఆ మోళ్ల మధ్యే, అదే బోదె పక్కన, గోంగూర గింజలు చల్లుతారు. ఎండ ఎంత ముదిరినా తట్టుకుని పెరిగేది ఆ పట్టీలో అదొక్కటే. దానికి ఎడం ఎంత అని అడిగితే చల్లుకుంటూ పోవడమే అన్నారు. గోంగూరకి కొలతలేమిటండీ, చిన్నప్పుడు మొలకలు ఒత్తు తీస్తే అవే పప్పులోకి వస్తాయి.